సూర్యుడిని చూడ్డానికి ఎంత అపెర్చర్ కావాలి?

రాత్రి ఆకాశం చూసేవాళ్ళు టెలిస్కోప్ అపెర్చర్, అంటే వెలుగు పట్టే లెన్సు లేదా అద్దం వెడల్పు, ఎంత పెద్దదైతే అంత మంచిది అంటారు, గెలాక్సీలకీ నెబ్యులాలకీ అది నిజమే, అక్కడ వెలుగుకే కరువు. సూర్యుడి దగ్గర ఆ కరువెక్కడుంది, వైట్ లైట్ ఫిల్టర్ పెట్టి లక్షో వంతు వెలుగునే లోపలికి రానిచ్చినా బోలెడంత మిగులుతుంది. ఇక అపెర్చర్ పెంచితే వచ్చేది డీటెయిల్ ఒక్కటే.

దానికో లెక్కుంది, 116ని అపెర్చర్ మిల్లీమీటర్లతో భాగిస్తే ఎన్ని ఆర్క్ సెకన్ల (ఆర్క్ సెకను అంటే డిగ్రీలో 3600వ వంతు) డీటెయిల్ విడిగా తెలుస్తుందో వస్తుంది. 60 ఎంఎంకి 1.9, 100కి 1.2, 150కి 0.8 దాకా. సూర్యుడి మీద ఒక ఆర్క్ సెకను అంటే దాదాపు 725 కిలోమీటర్లు, గ్రాన్యులేషన్‌లో, అంటే సూర్యుడి ఉపరితలమంతా పరుచుకున్న గింజల్లాంటి నమూనాలో, ఒక్కో గింజ వెయ్యి కిలోమీటర్ల పైమాటే. అందుకే 60తో సన్‌స్పాట్ల నల్లటి నడిభాగం, చుట్టూ బూడిదరంగు అంచు బాగానే తెలుస్తాయి గానీ గింజలు మాత్రం తెలిసీ తెలియనట్టుంటాయి, అదే 100తో గాలి కుదురుగా ఉన్న రెండు మూడు సెకన్లు దొరికాయా, డిస్క్ అంతా బియ్యం పరిచినట్టు కనిపిస్తుంది, అబ్బ, అది చూసి తీరాల్సిందే!

మరి 150 ఎందుకొద్దు అంటే, పగటి గాలి. ఎండకి నేల కాగి వేడి గాలి పైకి లేస్తూనే ఉంటుంది, ఒక ఆర్క్ సెకను కన్నా సన్నని డీటెయిల్ నిలిచే పగలు చాలా అరుదు, కాబట్టి ఎక్కువ రోజులు 150లోనూ 100లో కనిపించేదే కనిపిస్తుంది. అమెరికాలోని బిగ్ బేర్, మన ఉదయపూర్ సోలార్ అబ్జర్వేటరీలని సరస్సుల్లో కట్టింది కూడా ఇందుకే, నీళ్ళు నేలంత త్వరగా వేడెక్కవు. మనం చేయగలిగింది పొద్దున్నే, సూర్యుడు కాస్త పైకొచ్చాక, నేల కాగకముందే, కాంక్రీట్ మీద కాకుండా గడ్డి మీద పెట్టుకోవడం.

నన్నడిగితే 80 నుంచి 100 ఎంఎం రిఫ్రాక్టర్ (లెన్సు టెలిస్కోప్) చాలు. పెద్ద రిఫ్లెక్టర్ (అద్దం టెలిస్కోప్) ఉన్నవాళ్ళు కొత్తది కొనక్కర్లేదు, ముందు మూతకి పక్కగా చిన్న రంధ్రం చేసి దానికి ఫిల్టర్ బిగిస్తే సరి. హైడ్రోజన్ ఆల్ఫా, అంటే హైడ్రోజన్ వెలువరించే ఒక్క ఎర్ర రంగులోనే చూడడం, దాని సంగతి వేరే, అంచున లేచే వాయు జ్వాలల్లాంటి ప్రామినెన్స్‌లు 40 ఎంఎంలోనే కనిపిస్తాయి, అపెర్చర్ పెరిగేకొద్దీ ఆ రంగునే వేరుచేసే ఎటలాన్ అనే ఫిల్టర్ ధర మాత్రం ఎక్కడికో పోతుంది.

ఏ సైజైనా ఫిల్టర్ ఉండాల్సింది ట్యూబ్ ముందు, ఐపీస్‌కి బిగించే సోలార్ ఫిల్టర్ వేడికి పగిలిపోవచ్చు, దాని జోలికే వెళ్ళొద్దు. ఫైండర్‌కి (గురి చూసే చిన్న టెలిస్కోప్‌కి) మూత పెట్టండి, ఫిల్టర్ ఫిల్మ్‌కి ఎక్కడైనా చిల్లు పడిందేమో ప్రతిసారీ బల్బు వెలుగులో చూసుకోండి, పడితే పారేయండి.