సీలింగ్ మూసేలోపు

నేను ఏసీ పని చేస్తానని మా ఊళ్లో అందరూ అనుకుంటారు, నేనూ అవునంటాను, ఎందుకంటే ఆఫీసులకు గాలి ఆడేలా చేస్తానని చెబితే నవ్వుతారు. కానీ ఇప్పుడు గచ్చిబౌలి, నానక్‌రామ్‌గూడ వైపు కొత్త ఆఫీసుల్లో ఏసీతో పాటు ఈఆర్‌వీ (ఎనర్జీ రికవరీ వెంటిలేటర్) అనే పెట్టె ఒకటి ఫాల్స్ సీలింగ్ పైన వేలాడదీయడం మామూలైపోయింది, నా రోజులు ఎక్కువగా దాని కిందే గడుస్తున్నాయి.

ఆ పెట్టెకి నాలుగు డక్టులు, అంటే గాలి పోయే గొట్టాలు. బయటి గాలి ఒకదాంట్లో వస్తుంది, ఇంకోదాంట్లో గదిలోకి వెళ్తుంది, గదిలోని గాలి మూడోదాంట్లో తిరిగొచ్చి నాలుగోదాంట్లో బయటికి పోతుంది. రెండు గాలులూ పెట్టెలో ఒకదాన్నొకటి దాటే చోట కాగితంతో చేసిన కోర్ ఉంటుంది, గాలులు కలవవు గానీ వేడీ తేమా చేతులు మారతాయి. మే నెలలో బయట 42 డిగ్రీలు, లోపల 24 అనుకోండి, వేడి మార్పిడి 70 శాతం ఉంటే లోపలికొచ్చే గాలి 29.4 దగ్గరకి దిగుతుంది. ఏసీకి అంత బరువు తగ్గినట్టే. 1970లో జపాన్‌లో మిత్సుబిషి ఎలక్ట్రిక్ వాళ్లు దీన్ని లాస్‌నే పేరుతో తెచ్చారు, జపనీస్‌లో 'నయ్' అంటే లేదని. మా దగ్గర పనిచేసే బిహార్ కుర్రాళ్లు దాన్ని 'లాస్ నహీ' అంటారు, అర్థం కూడా ఎక్కడికీ పోలేదు.

ఎంత గాలి కావాలనేది పెద్ద లెక్కేం కాదు. ఆష్రే 62.1 అనే అమెరికా వెంటిలేషన్ ప్రమాణం ప్రకారం ఆఫీసులో మనిషికి 5 సీఎఫ్ఎం (నిమిషానికి ఘనపు అడుగులు), చదరపు అడుగుకి 0.06. అంటే 2,500 చదరపు అడుగుల్లో 40 మంది కూర్చుంటే 200, 150 కలిపి 350. కష్టమంతా ఆ తర్వాతే, యాభై అరవై కిలోల పెట్టెని జనం తలల మీద ఏళ్ల తరబడి కదలకుండా నిలబెట్టాలి కదా.

పెట్టె రాడ్ల మీద వేలాడుతుంది, ఆ రాడ్లు పట్టుకోడానికి స్లాబుకి రంధ్రాలు చేసి యాంకర్ బోల్టులు బిగిస్తాం. రెండేళ్ల కిందట ఒక ఫ్లోర్‌లో జరిగింది చెప్తాను. ఇప్పటి ఐటీ బిల్డింగుల్లో చాలావాటికి పీటీ (పోస్ట్ టెన్షన్) స్లాబు ఉంటుంది, స్లాబు లోపల స్టీలు కేబుళ్లను జాకీతో లాగి బిగించి వదిలేస్తారు, ఒక్కో తీగ మీద పది టన్నుల పైనే లాగుడు ఉంటుంది. డ్రిల్లు పోయి దానికి తగిలి తెగిందంటే యాంకర్ సంగతి తర్వాత, కింద నిలబడ్డవాడి సంగతేంటో చెప్పలేం. కేబుల్ ఎక్కడుందో స్లాబు అడుగున రంగుతో గీసి ఉంచుతారు, కానీ మాకంటే ముందు వచ్చిన పెయింటర్లు స్లాబంతా నల్ల రంగు కొట్టేశారు. నేను డ్రాయింగ్ చూసి, టేపు పట్టి, డ్రిల్లు చేయాల్సిన నాలుగు పాయింట్లు పెట్టి ఇంకో పని మీద కిందికి పోయాను. స్లాబు లోపల కేబుల్ ఎక్కడుందో చూపే స్కానర్ పెట్టించమని అడగలేదు. అది నా తప్పే.

పాలమూరు కుర్రాడు ఒకడు పరంజా మీద డ్రిల్లింగ్ చేస్తున్నాడు. మూడో రంధ్రం దగ్గర ఆపేసి దిగి నా దగ్గరకొచ్చి "అన్నా, పొడి తేడాగా వస్తుంది, మెరుస్తుంది" అన్నాడు. చేతిలో చూపించాడు, సిమెంటు పొడిలో సన్నటి రేకు తునకలు. కేబుల్ చుట్టూ ఉండే రేకు గొట్టం అది. ఇంకో రెండు సెకన్లు నొక్కి ఉంటే అనే ఆలోచన నాకు ఆ రాత్రంతా పోలేదు. పని ఆపించాను, మెయిన్ కాంట్రాక్టర్ మేనేజర్ ముందు తిట్టాడు, తర్వాత బిల్డింగ్ వాళ్లు స్కానర్ తెచ్చి చూసి తీగకి ఏం కాలేదని తేల్చేదాకా రెండు రోజులు ఎవ్వరం స్తంభాల మధ్య ఆ భాగం కిందకి పోలేదు. చివరికి ఆ పాయింటు వదిలేసి, రెండు పక్కల మంచి చోట్ల యాంకర్లు వేసి మధ్యలో స్ట్రట్ ఛానల్ అనే ఇనుప పట్టీని వంతెనలా బిగించి దానికి రాడ్డు దింపాం. అప్పట్నుంచి స్కాన్ కాగితం చేతికి రాకుండా నేను డ్రిల్లు ముట్టనివ్వను, ఎవరు ఎంత తొందరపెట్టినా సరే.

పైకెత్తడం కూడా అంతే. నలుగురు స్టూళ్లెక్కి భుజాల మీద మోసుకెళ్లే పద్ధతి ఇంకా చాలా సైట్లలో ఉంది, నాకు చూస్తేనే కడుపులో దేవినట్టవుతుంది. మెటీరియల్ లిఫ్ట్ అద్దెకి దొరుకుతుంది, తెచ్చుకోండి. రాడ్డుకి వాషరు, కింద రెండు నట్లు, అదే రాడ్డుకి ఇంకెవరి కేబుల్ ట్రే తగిలించకూడదు (తగిలిస్తారు, మీరు అటు తిరగ్గానే తగిలిస్తారు). డక్టు చేసే జీఐ (జింకు పూత ఇనుప) రేకు అంచు బ్లేడు లాంటిది, గ్లౌజు లేకుండా డక్టు పట్టుకున్నవాళ్ల అరచేతులు చూస్తే తెలుస్తుంది.

డక్టుల్లో జనం ఎక్కువగా తప్పేది వాలు దగ్గర. బయటి గోడ వైపు పోయే రెండు డక్టులూ బయటికే వాలాలి, ముప్పై అడుగులకి ఒక అడుగు, అంటే మూడు మీటర్లకి పది సెంటీమీటర్లు. సీలింగ్ పైన బీములు, స్ప్రింక్లర్ పైపులు, ఏసీ పైపులు అన్నీ ఉన్నప్పుడు ఆ పది సెంటీమీటర్ల కోసం అందరితో గొడవపడాలి. ఒక సైట్‌లో నేను గొడవపడే ఓపిక లేక సమంగా పెట్టనిచ్చాను, జూలైలో ఈదురుగాలికి గోడ కౌల్ (డక్టు బయటి మూతికి పెట్టే కవరు) లోంచి నీళ్లు లోపలికి నడిచొచ్చి అకౌంట్స్ ఆవిడ టేబుల్ మీద కారాయి. ఆ రెండు డక్టులకీ ఇన్సులేషన్ తప్పనిసరి, లేకపోతే తేమ పట్టి అవే చెమటలు కారుస్తాయి.

గాలి తీసుకునే మూతి ఎక్కడ పెడుతున్నారో బయటికెళ్లి కళ్లతో చూడండి. డ్రాయింగ్‌లో ఖాళీ గోడే కనిపిస్తుంది, అక్కడికెళ్తే పక్కన జనరేటర్ పొగ గొట్టం ఉంటుంది. కరెంటు పోయిన ప్రతిసారీ ఆఫీసంతా డీజిల్ పొగ పీల్చాలా? కార్బన్ మోనాక్సైడ్‌కి వాసన కూడా ఉండదు. అలాగే వదిలే మూతికి పక్కనే తీసుకునే మూతి పెడితే వదిలిన గాలే మళ్లీ లోపలికొస్తుంది. బాత్రూమ్, కిచెన్ గాలి దీనికి కలపొద్దు, వాటి ఎగ్జాస్ట్ వాటికి వేరే. డక్టు ఫైర్ గోడ దాటే చోట ఫైర్ డాంపర్ (మంటొస్తే మూసుకునే రేకు తలుపు), పెట్టెకి ఎర్తింగ్, ఇవి నేను వేరే చెప్పక్కర్లేదు. పని అయ్యేదాకా డక్టు మూతులకి ప్లాస్టిక్ కట్టి ఉంచండి, జిప్సం దుమ్ము కోర్‌లోకి పోతే ఆ కాగితాన్ని నీళ్లతో కడగలేం.

ఇక తలుపు. ఫిల్టర్ తీసే వైపు కనీసం 450 మిల్లీమీటర్ల ట్రాప్ డోర్ పెట్టాలంటే ఇంటీరియర్ డిజైనర్‌కి ఎప్పుడూ నచ్చదు, సీలింగ్ అందం పోతుందంటారు. పోయిన నెల ఒకచోట మూడు మీటింగులు కూర్చుని పెట్టించాను. నిన్న అక్కడి ఫెసిలిటీ అబ్బాయి ఫోన్ చేశాడు, "సార్, ఫిల్టర్ క్లీన్ చేయాలి, డోర్ ఎక్కడుంది?" అని. దాని మీద కూడా పుట్టీ పెట్టి రంగేసేశారట. సీలింగ్ మూసేముందు తీసిన ఫోటో నా ఫోన్‌లో ఉంది, స్తంభం నుంచి ఎన్ని అడుగులో రాసి పంపాను.