సౌలును వెదకుతూ తార్సుకు వెళ్లిన బర్నబా

"అంతట అతడు సౌలును వెదకుటకు తార్సునకు వెళ్లి అతనిని కనుగొని అంతియొకయకు తోడుకొని వచ్చెను" అని అపొస్తలుల కార్యములు 11వ అధ్యాయంలో లూకా రాస్తున్నాడు. సంఘ నాయకుడు మరొకరిని పరిచర్యకు సిద్ధపరచడం గురించి మాట్లాడేటప్పుడు సాధారణంగా పౌలు తిమోతికి రాసిన పత్రికలనే చదువుకుంటాం. అయితే తిమోతిని పెంచిన పౌలును (సౌలు అతని మరో పేరే) కూడా మొదట ఒకరు చేయి పట్టి నడిపించారు. ఆ వ్యక్తి కుప్రకు చెందిన లేవీయుడు. అతని అసలు పేరు యోసేపు, అపొస్తలులు పెట్టిన పేరు బర్నబా.

అంతియొకయలో అన్యజనులు ప్రభువు వైపు తిరుగుతున్నారని యెరూషలేములోని సంఘానికి తెలిసి, చూసి రమ్మని బర్నబాను పంపారు. అతడు వచ్చాక సంఘం మరింత పెరిగింది. అతడు పరిశుద్ధాత్మతోను విశ్వాసముతోను నిండుకొనిన సత్పురుషుడని లూకాయే సాక్ష్యమిస్తున్నాడు కనుక, ఆ సంఘాన్ని ఒంటరిగా నడిపే యోగ్యత అతనికి లేదని ఎవరూ అనలేరు. పని పెరిగినకొద్దీ ఉదయం ఒక కూడిక, సాయంత్రం మరొక కూడిక పెట్టుకుని అన్నిటిలోనూ తామే ప్రసంగిస్తూ, గొంతు పోయినా, ఆరోగ్యం దెబ్బతిన్నా మరొకరికి చోటివ్వని కాపరులు మనకు కొత్త కాదు. బర్నబా మాత్రం తన పని సగంలో ఉండగానే ఊరు విడిచి, కిలికియలోని తార్సు దాకా వెళ్లి ఒక మనిషిని వెదికాడు.

ఆ మనిషి అందరికీ ఇష్టుడేమీ కాదు. అంతకుముందు సంఘాన్ని హింసించిన సౌలు మారుమనస్సు పొంది యెరూషలేముకు వచ్చినప్పుడు, అతడు నిజంగా శిష్యుడయ్యాడని నమ్మలేక శిష్యులందరూ భయపడ్డారు. ఆ రోజు అతన్ని చేరదీసి అపొస్తలుల దగ్గరకు తీసుకువెళ్లి, దమస్కు మార్గంలో ప్రభువు అతనికి కనబడిన సంగతంతా వివరించింది బర్నబాయే. తరువాత అతని ప్రాణానికి ముప్పు రావడంతో సహోదరులు అతన్ని కైసరయ మీదుగా తార్సుకు పంపివేశారు. అక్కడినుండి కొంతకాలం కార్యముల గ్రంథంలో సౌలు పేరు వినబడదు. యెరూషలేములోని పెద్దలు అతన్ని తలచుకున్నారో లేదో గాని, బర్నబా మరచిపోలేదు.

వారిద్దరూ కలిసి ఒక సంవత్సరమంతా ఆ సంఘంలో ఉండి అనేకులకు వాక్యం బోధించారు. ధర్మశాస్త్రోపదేశకుడైన గమలీయేలు పాదాల దగ్గర చదువుకున్న సౌలుకు ధర్మశాస్త్రంలో కొత్తగా నేర్పవలసినది బర్నబా దగ్గర పెద్దగా ఉండి ఉండదని నా అభిప్రాయం. సౌలుకు కావలసినది తనను నమ్మే ఒక సంఘం, ఆ సంఘం ఎదుట తనకు పూచీగా నిలిచే ఒక మనిషి. బర్నబా సంపాదించుకున్న మంచి పేరే సౌలుకు అంతియొకయలో తలుపు తెరిచింది. ఇంతలో అగబు అనే ప్రవక్త ముందుగా చెప్పిన కరవు రోమా చక్రవర్తి క్లౌదియ కాలంలో రాగా, యూదయలోని సహోదరులకు శిష్యులు సహాయం పోగుచేసి, దానిని బర్నబా సౌలుల చేత పెద్దలకు పంపించారు. ఒకప్పుడు తన పొలం అమ్మి ఆ డబ్బు అపొస్తలుల పాదాల దగ్గర పెట్టిన బర్నబా పక్కన నిలిచి, సంఘపు సొమ్మును ఎలా మోయాలో సౌలు చూశాడు. కానుకల లెక్కలు ఇద్దరు ముగ్గురి ఎదుట చూడడం, చావు జరిగిన ఇంట్లో ఎప్పుడు మాట్లాడాలో ఎప్పుడు ఊరకుండాలో ఎరగడం, విడిపోయిన అన్నదమ్ముల మధ్య కూర్చుని ఇద్దరి మాటా వినడం వంటివి బైబిలు కళాశాలలో వినవచ్చు గాని, పెద్దవారి వెంట తిరిగితే తప్ప పూర్తిగా అబ్బవు.

వారిద్దరి మొదటి సువార్త ప్రయాణాన్ని చెప్పే 13వ అధ్యాయం మొదట్లో "బర్నబాను సౌలును" అని కనిపించే వరుస, పాఫు విడిచి పెర్గేకు వచ్చేసరికి "పౌలును అతనితోకూడ ఉన్నవారును" అని మారిపోతుంది. తరువాత కొన్నిచోట్ల మళ్లీ బర్నబా పేరు ముందు వచ్చినా, ప్రసంగించే బాధ్యత ఎక్కువగా పౌలుదే అయింది. లుస్త్రలో జనం పౌలును ముఖ్యప్రసంగిగా గుర్తించారు కూడా. ఇందుకు బర్నబా నొచ్చుకున్నట్టు ఒక్క వాక్యం లేదు. తాను తెచ్చిన యౌవనస్థుని ప్రసంగానికి ఎక్కువమంది "ఆమెన్" అంటున్నప్పుడు కాపరి ముఖంలో కనబడేదే అతని శిక్షణకు అసలైన పరీక్ష అని నాకు అనిపిస్తుంది.

తెలుగు నేల మీద కూడా ఇలాంటి చరిత్ర ఉంది. తమిళనాడులో పుట్టి, వై.ఎం.సి.ఎ. కార్యదర్శిగా పనిచేసి, డోర్నకల్‌కు మిషనరీగా వచ్చి తెలుగు నేర్చుకున్న వి.ఎస్. అజరయ్యను బిషప్‌గా నియమించాలని మద్రాసు బిషప్ హెన్రీ వైట్‌హెడ్ పట్టుబట్టారు. ఒక భారతీయుని అధికారం కింద పనిచేయడం కొందరు మిషనరీలకు రుచించలేదు. అయినా 1912 డిసెంబరు 29న కలకత్తాలో అజరయ్య అభిషిక్తులై, ఆంగ్లికన్ సంఘంలో తొలి భారతీయ బిషప్ అయ్యారు. ఆయన తనకు దొరికిన ఆ నమ్మకాన్ని గ్రామాలకు పంచారు. బాప్తిస్మం పొందినవారు తమ తల మీద చేయి పెట్టుకుని, "సువార్తను ప్రకటింపకపోయినయెడల నాకు శ్రమ" అన్న పౌలు మాటను పలికేలా చేసేవారు. ఆ మాట పలికినవారిలో ఎక్కువమంది చదువుకు దూరంగా ఉంచబడిన మాల, మాదిగ కుటుంబాలవారు. పరిచర్యను తండ్రి నుండి కుమారునికి మాత్రమే అందించే వాడుక మన సంఘాల్లో బలపడుతున్న ఈ కాలంలో ఆ దృశ్యాన్ని తలచుకోవాలి. కుమారునికి పిలుపు ఉంటే సంతోషమే, కాని కాపరి చూపు తన ఇంటి గడప దగ్గరే ఆగిపోకూడదు.

బర్నబా కథలో కష్టమైన భాగం మార్కు గురించినది. పెర్గేలో తమను విడిచి వెళ్లిపోయిన మార్కును రెండవ ప్రయాణానికి తీసుకువెళ్లడం తగదని పౌలు అన్నాడు, తీసుకువెళ్లాలని బర్నబా నిలబడ్డాడు. ఒకప్పుడు ఎవరూ నమ్మనప్పుడు బర్నబా నమ్మకం వల్ల నిలిచిన పౌలే ఇప్పుడు మరొకరిని నమ్మలేకపోవడం చదువుతుంటే మనసు కలుక్కుమంటుంది. ఎవరిది న్యాయమో లూకా తీర్పు చెప్పడు. పౌలు సీలతో బయలుదేరాడు, బర్నబా మార్కును వెంటబెట్టుకుని కుప్రకు ఓడ ఎక్కాడు. మార్కు బర్నబాకు బంధువని కొలొస్సయుల పత్రిక చెబుతుంది కనుక అది పక్షపాతమేనని అనేవారు ఉండవచ్చు. అయితే చివరికి చెరసాలలో నుండి పౌలే, "మార్కును వెంటబెట్టుకొని రమ్ము, అతడు పరిచారము నిమిత్తము నాకు ప్రయోజనకరమైనవాడు" అని తిమోతికి రాశాడు.

అందుచేత ఎవరిని సిద్ధపరచాలని ఆలోచించే కాపరి, ముందు వరుసలో కూర్చునే చురుకైనవారితో పాటు, ఒకసారి తప్పిపోయి వెనక బల్లల మీదికి చేరినవారిని కూడా పేరుపేరునా ప్రార్థనలో పెట్టుకోవాలి. అలాంటి ఒకరిని ఈ వారం గృహ దర్శనానికి వెంట తీసుకువెళ్లి, అక్కడ ప్రార్థన అతని చేతనే చేయించవచ్చు. పొరపాటు మాట్లాడితే, ఎఫెసులో ప్రిస్కిల్ల అకుల దంపతులు అపొల్లో అనే బోధకుని పట్ల ఎలా నడుచుకున్నారో చూడాలి. సమాజమందిరంలో అతని బోధ విని, అక్కడే అందరి ఎదుట దిద్దకుండా, అతన్ని చేర్చుకుని దేవుని మార్గాన్ని మరింత పూర్తిగా విశదపరచారు. ఆ తరువాత అతడు అకయకు వెళ్లదలచినప్పుడు, అతన్ని చేర్చుకోమని అక్కడి శిష్యులకు సహోదరులు ఉత్తరం రాసి పంపారు.