మొండితనం కంటికి ఎలా కనిపిస్తుంది

ఫీల్డ్ వర్క్ మొదలైన రెండో రోజు రాత్రి, పిల్లల హోమ్‌లోని లాగ్ పుస్తకంలో నేను రాసిన వాక్యం ఇది: “పడుకునే సమయంలో మొండిగా ప్రవర్తించాడు, మాట వినలేదు.” మర్నాడు ఉదయం షిఫ్టు అప్పగించేటప్పుడు మా సూపర్‌వైజర్ ఆ వాక్యం కింద పెన్సిలుతో గీత గీసి, మొండితనం నీ కంటికి ఎలా కనిపించిందో రాయమని పుస్తకాన్ని తిరిగి నా చేతికిచ్చారు. అప్పటికి రెండేళ్లుగా చైల్డ్ అండ్ యూత్ కేర్ డిగ్రీ చదువుతున్నాను. పిల్లల ప్రవర్తనను గమనించి నమోదు చేయడం మీద ఉన్న పేపర్లో మంచి మార్కులే తెచ్చుకున్నాను. అయినా ఆవిడ అడిగినదానికి నా దగ్గర వెంటనే జవాబు లేకపోయింది.

కూర్చుని మళ్ళీ రాశాను. ఎనిమిదిన్నరకు పక్క మీదికి వచ్చాడు. కాళ్ళకు బూట్లు ఉన్నాయి. విప్పమని మూడుసార్లు చెప్పాను; మూడోసారి నా గొంతు పెరిగింది. అతను ఏమీ మాట్లాడకుండా దుప్పటిని బూట్ల మీదికి లాక్కుని, గోడ వైపు కాకుండా తలుపు వైపు తిరిగి పడుకున్నాడు. తొమ్మిదింపావు దాకా కళ్ళు మూయలేదు. ఇంతా రాసి చూసుకుంటే ‘మొండి’ అనే మాట ఎక్కడా రాలేదు. మొదట రాసినప్పుడు నేను వదిలేసిన రెండు సంగతులు మాత్రం వచ్చి చేరాయి: తలుపు వైపు తిరిగిన ముఖం, పెరిగిన నా గొంతు. (ఆ పిల్లవాడి వయసు, మరికొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను, పేరు ఎలాగూ రాయను. పిల్లల గోప్యత గురించి మాకు మొదటి వారంలోనే చెబుతారు, చివరి సంవత్సరం దాకా చెబుతూనే ఉంటారు.)

ఈ డిగ్రీలో చేరాలనుకుంటున్నామని, ఇందులో ఏం నేర్పుతారని అడిగేవాళ్ళకు నేను ఇప్పుడు ముందుగా చెప్పేది ఆ పెన్సిలు గీత గురించే. సోషల్ వర్కర్ కుటుంబంతోనూ కోర్టుతోనూ ఫైళ్ళతోనూ పనిచేస్తారు. సైకాలజిస్టు వారానికి ఒక గంట తన గదిలో కూర్చోబెట్టి మాట్లాడతారు. ఉపాధ్యాయుల చేతిలో పాఠం ఉంటుంది. పిల్లలు ఉండే చోటే ఉండి, వాళ్ళు నిద్ర లేచేటప్పుడు, తినేటప్పుడు, కొట్టుకునేటప్పుడు, అలిగి మూల కూర్చున్నప్పుడు, పడుకునేటప్పుడు పక్కన ఉండడం మా పని. ఆల్బర్ట్ ట్రీష్‌మన్, జేమ్స్ విటేకర్, లారీ బ్రెండ్రో 1969లో వెలువరించిన పుస్తకానికి ‘మిగిలిన 23 గంటలు’ అనే అర్థం వచ్చే పేరు పెట్టుకున్నది ఈ ఉద్దేశంతోనే. చికిత్స ఉన్న రోజున కూడా ఆ ఒక గంటను తీసేస్తే పిల్లల రోజులో మిగిలేది అంత సమయం. అందులో పిల్లలను నిద్ర లేపడం గురించి ఒక అధ్యాయం, భోజనం వేళ గురించి ఒక అధ్యాయం, పడుకోబెట్టడం గురించి ఒక అధ్యాయం ఉన్నాయి. మొదటి ఏడాది చదివినప్పుడు ఇంత మామూలు విషయాలకు అధ్యాయాలు ఎందుకా అనుకున్నాను. బూట్ల రాత్రి తరువాత పడుకోబెట్టే అధ్యాయాన్ని రెండుసార్లు చదివాను.

ఆ ఆలోచనకు ఇంకా వెనుకటి వేర్లు ఉన్నాయి. వియన్నాలో శిక్షణ పొంది అమెరికా వెళ్ళిన ఫ్రిట్జ్ రెడ్ల్, డేవిడ్ వైన్‌మన్‌తో కలిసి 1946లో డెట్రాయిట్‌లో పయనీర్ హౌస్ అనే చిన్న వసతి గృహం నడిపారు. ఎవరూ భరించలేక వదిలేసిన, కోపం ఆపుకోలేని మగపిల్లలు అందులో ఉండేవారు. నిధులు లేక అది రెండేళ్లు కూడా నిలవలేదు. కానీ అక్కడ వాళ్ళు గమనించి రాసిపెట్టుకున్నది ఈనాటికీ మా పాఠాల్లో ఉంది. గొడవ జరిగిన చోటే, వేడి పూర్తిగా చల్లారకముందే, పిల్లవాడితో కలిసి ఉంటున్న పెద్దవాళ్ళే కూర్చుని ఏం జరిగిందో అతని వైపు నుంచి వినాలని రెడ్ల్ చెప్పారు. ఆ సంభాషణా పద్ధతికి ఒక క్రమం కూడా ఏర్పరిచారు. మా తరగతిలో దీన్ని ఇద్దరిద్దరుగా నటించి సాధన చేస్తాం. వినడం అంత కష్టమని నాకు అక్కడే తెలిసింది. నా వంతు వచ్చినప్పుడల్లా రెండో నిమిషంలోనే సలహా చెప్పడం మొదలుపెట్టేదాన్ని.

సిద్ధాంతాల్లో నన్ను ఎక్కువ కాలం పట్టి ఉంచింది అనుబంధ సిద్ధాంతం, అంటే బిడ్డకూ తనను పెంచేవాళ్ళకూ మధ్య ఏర్పడే బంధం గురించిన సిద్ధాంతం. తల్లి సంరక్షణకు దూరమైన పిల్లల మానసిక ఆరోగ్యం మీద జాన్ బౌల్బీ 1951లో ప్రపంచ ఆరోగ్య సంస్థ కోసం రాసిన నివేదికతో మా పాఠం మొదలవుతుంది. ఆ తరువాత మేరీ ఐన్స్‌వర్త్ రూపొందించిన పరీక్షా పద్ధతి. దాదాపు ఏడాది వయసున్న బిడ్డ, తల్లి, ఒక కొత్త మనిషి, కొన్ని ఆటబొమ్మలు ఒక గదిలో ఉంటారు; ఎనిమిది చిన్న ఘట్టాల్లో తల్లి రెండుసార్లు బయటికి వెళ్ళి తిరిగి వస్తుంది. తల్లి వెళ్ళినప్పుడు బిడ్డ ఎంత ఏడ్చిందన్నది ఇందులో ప్రధానం కాదు, ఆమె తిరిగి వచ్చినప్పుడు ఏం చేసిందన్నదే ప్రధానం. కొందరు పిల్లలు తల్లి తిరిగి వచ్చినా పట్టించుకోనట్టు బొమ్మలతో ఆడుకుంటూ ఉంటారు. చూసేవాళ్ళకు ఎంత నెమ్మదైన బిడ్డో అనిపిస్తుంది. అయితే 1977లో అలన్ స్రూఫ్, ఎవరెట్ వాటర్స్ ప్రచురించిన పరిశోధనలో గుండె వేగాన్ని కొలిచి చూస్తే, పైకి అంత నిశ్చింతగా ఉన్న ఆ పిల్లల లోపల ఆందోళన ఉన్నట్టు కనిపించింది. ఈ సంగతి చదివినరోజు నేను పుస్తకం మూసి చాలాసేపు అలాగే కూర్చున్నాను. హోమ్‌లో ఏ గొడవా చేయని, ఎవరినీ ఏమీ అడగని పిల్లలను మేము ఎంత తేలిగ్గా ‘బుద్ధిమంతులు’ అని రాసేస్తామో గుర్తుకొచ్చింది.

మనస్తత్వవేత్త యూరీ బ్రాన్‌ఫెన్‌బ్రెన్నర్ చెప్పిన వలయాలు కూడా చదువుతాం. కుటుంబం, బడి, ఇరుగుపొరుగు, తల్లిదండ్రుల ఉద్యోగాలు, చట్టాలు, ఇవన్నీ పిల్లవాడి చుట్టూ ఒకదాని చుట్టూ ఒకటిగా ఉంటాయని చూపే పటం అది. పరీక్షలో దాన్ని గీయడం సులువు. ఒక నిజమైన పిల్లవాడి పేరు మధ్యలో రాసి గీసినప్పుడు చాలా వలయాలు ఖాళీగా మిగలడం కష్టంగా ఉంటుంది.

చిన్ననాటి చేదు అనుభవాల మీద విన్సెంట్ ఫెలిట్టి, రాబర్ట్ ఆండా చేసిన అధ్యయనం విషయంలో మాత్రం మా తరగతిలో కొందరితో నాకు అభిప్రాయభేదం ఉంది. 17 వేలమందికి పైగా పెద్దవాళ్ళను వాళ్ళ బాల్యం గురించి అడిగి, హింస, నిర్లక్ష్యం, ఇంట్లో మద్యపానం వంటివి ఎంత ఎక్కువగా అనుభవించి ఉంటే పెద్దయ్యాక అంత ఎక్కువగా అనారోగ్యాలు కనిపిస్తున్నాయని వాళ్ళు చూపారు. తొలి ఫలితాలు 1998లో వెలువడ్డాయి. మా రంగానికి అది గొప్ప మేలు చేసింది. కానీ అది వేలమందిని కలిపి చూసిన లెక్క. దాన్ని తీసుకొచ్చి, అలాంటి అనుభవాలు ఎన్ని ఉన్నాయో ఒక పిల్లవాడి ఫైలు మీద అంకెగా వేసి, ‘ఇతనికి ఆరు’ అని చెప్పుకోవడం నాకు అస్సలు సమ్మతం కాదు. ఆ అంకెలో అతన్ని ఆదుకున్న అమ్మమ్మ కనిపించదు, అతనికి ఇష్టమైన టీచరు కనిపించదు. అధ్యయనకర్తల్లో ఒకరైన ఆండా కూడా తరువాతి కాలంలో, ఒక్కొక్క మనిషి భవిష్యత్తును తేల్చడానికి ఆ అంకెను వాడవద్దని హెచ్చరించారు.

మూడో సంవత్సరం హక్కుల పేపర్లో యానుష్ కోర్చాక్ గురించి చదివాం. వైద్యుడు, రచయిత అయిన కోర్చాక్ 1912 నుంచి పోలండ్‌లోని వార్సాలో యూదు అనాథ పిల్లల ఆశ్రమాన్ని నడిపారు. అక్కడ పిల్లలే న్యాయమూర్తులుగా ఒక న్యాయస్థానం ఉండేది. ఒక పిల్లవాడు మరొకడి మీదే కాదు, పెద్దవాళ్ళ మీద కూడా ఫిర్యాదు చేయవచ్చు; కోర్చాక్ స్వయంగా ఆ న్యాయస్థానం ముందు నిలబడ్డారు. దానికి ఆయన రాసిన శిక్షాస్మృతిలో మొదటి 99 నిబంధనలు క్షమించడానికో, కేసు కొట్టేయడానికో ఉద్దేశించినవి. చివరిది 1000వ నిబంధన, ఆశ్రమం నుంచి పంపివేయడం. 1942 ఆగస్టులో నాజీలు ఆ పిల్లలను ట్రెబ్లింకా మరణ శిబిరానికి తరలించినప్పుడు, తాను తప్పించుకునే అవకాశాలు వచ్చినా వదులుకుని ఆయన వాళ్ళతోపాటే వెళ్ళారు. అందరూ చెప్పుకునేది ఆ మరణం గురించే. నన్ను మాత్రం ఆ న్యాయస్థానమే వెంటాడుతూ ఉంటుంది, ఎందుకంటే అది అంతకు ముందు మూడు దశాబ్దాలు ఆయన పిల్లలతో రోజూ గడిపిన తీరు. బాలల హక్కుల ఒడంబడికకు ప్రతిపాదన 1978లో పోలండ్ నుంచే రావడం యాదృచ్ఛికం కాదని మా అధ్యాపకురాలు అనేవారు. ఐక్యరాజ్యసమితి దాన్ని 1989 నవంబరు 20న ఆమోదించింది. తనకు సంబంధించిన విషయాల్లో తన అభిప్రాయం చెప్పుకునే హక్కు, దానికి తగిన విలువ పొందే హక్కు పిల్లలకు ఉన్నాయని అందులోని 12వ అధికరణం చెబుతుంది.

ఈ డిగ్రీ పేరులో ‘యూత్’ అని ఉన్న సగాన్ని చాలామంది మరిచిపోతారు. హోమ్‌లో పెరిగిన పిల్లలు చాలా చోట్ల పద్దెనిమిదేళ్లు రాగానే బయటికి వెళ్ళవలసి ఉంటుంది, ఇంట్లో పెరిగినవాళ్ళు ఆ వయసులో ఇంకా అమ్మను అడిగి పనులు చేయించుకుంటూ ఉంటారు. రెండో ఫీల్డ్ వర్క్‌లో పదిహేడేళ్ల అమ్మాయితో కలిసి కాలేజీ దరఖాస్తు నింపాను. చేతిరాత ముత్యాల్లా ఉంది. పేరు, పుట్టిన తేదీ, మార్కులు చకచకా నింపింది. శాశ్వత చిరునామా అన్న గడి దగ్గర పెన్ను ఆగింది. మరో ఆరు నెలల్లో ఆమె ఈ హోమ్‌లో ఉండదు. ఆ తరువాత ఎక్కడ ఉంటుందో ఇంకా తేలలేదు. నేను కంగారుపడి, ప్రస్తుతానికి ఇక్కడి చిరునామా రాసేయమన్నాను. “శాశ్వతం అంటే అర్థం తెలుసు అక్కా నాకు,” అని, ఆ గడి వదిలేసి కింది గడికి వెళ్ళింది. ఆ మాటకు ఏం జవాబివ్వాలో ఏ పేపర్లోనూ లేదు. ఆ వారం సూపర్‌విజన్‌లో నేను దాని గురించే మాట్లాడాను. ఓదార్చే మాట వెతకడం మాని, బయటికి వెళ్ళాక ఉండే చోటు సంగతి ఈ నెలలోనే తేల్చేలా ఆమెను కూర్చోబెట్టుకుని సమావేశం పెట్టమని నేను అడగవచ్చని అప్పుడు తెలిసింది. సమావేశం జరిగింది. గడి నిండడానికి ఇంకో ఏడు వారాలు పట్టింది.

సూపర్‌విజన్ గురించి చెప్పకుండా ఈ చదువు గురించి చెప్పినట్టు కాదు. వారానికి ఒక గంట, అనుభవమున్న ఒకరి ఎదురుగా కూర్చుని, ఆ వారం నేను ఏం చేశానో, ఎందుకు చేశానో, నాలో ఏం కదిలిందో చెప్పాలి. తలుపు గట్టిగా వేసిన శబ్దం వినగానే నా గొంతు పెరుగుతుందని, అది పిల్లల వల్ల కాదని, నా చిన్నతనం నుంచి వచ్చిందని అలాంటి ఒక గంటలోనే తెలుసుకున్నాను. మార్కుల కోసం రాసే స్వీయ పరిశీలన జర్నల్‌లో అంత నిజం రాయలేకపోయాను. పిల్లలంటే ఇష్టమని ఈ డిగ్రీలో చేరేవాళ్ళు చాలామంది ఉంటారు, నేనూ అలా చేరినదాన్నే. ఆ ఇష్టం మంచిదే, కానీ రాత్రి పదకొండింటికి ఒక పిల్లవాడు ముఖాన ఉమ్మినప్పుడు అది ఒక్కటే సరిపోదు. మన ఊపిరి మనం గమనించుకోవడం, ఒక అడుగు వెనక్కి వేయడం, సాయానికి రమ్మని తోటివారిని పిలవడం సిగ్గుపడే పని కాదని తెలియడం, ఇవన్నీ అభ్యాసంతోనే వస్తాయి. అందుకే ఎక్కడ చేరినా, ఫీల్డ్ వర్క్ ఎన్ని గంటలు, సూపర్‌విజన్ ఎవరు చేస్తారు అన్న రెండు ప్రశ్నలు చేరకముందే అడగమని చెబుతాను.

బూట్ల సంగతి అక్కడితో ముగియలేదు. విప్పమని చెప్పడం మానేశాం. లేసులు వదులు చేసుకుంటే కాళ్ళకు హాయిగా ఉంటుందని ఒక రాత్రి అన్నాను, చేసుకున్నాడు. ఇంకో నాలుగు రోజులకు విప్పి, చేయి చాపితే అందేలా తలగడ పక్కన పెట్టుకున్నాడు. ఒక ఆదివారం బంధువులు వచ్చి చూసి వెళ్ళిన రాత్రి మళ్ళీ వేసుకునే పడుకున్నాడు. రాత్రి పూట రెండుసార్లు ఇల్లు మారిన పిల్లవాడని ఫైలులో ఉంది. బూట్లకూ దానికీ సంబంధం ఉందని మేము అనుకున్నాం, కానీ అతను ఎప్పుడూ అలా చెప్పలేదు కనుక లాగ్‌లో రాయలేదు.

ఆ హోమ్‌లో నాకు బాగా నచ్చిన ఏర్పాటు ఏమిటంటే, తమ గురించి ఏం రాశారో చదివి చెప్పమని పిల్లలు అడగవచ్చు. ఫీల్డ్ వర్క్ చివరి వారంలో అతను అడిగాడు. పక్కన కూర్చోబెట్టుకుని, రెండో రోజు రాత్రి గురించి నేను తిరిగి రాసిన పేజీ చదివాను. శ్రద్ధగా విన్నాడు. ‘తలుపు వైపు తిరిగి పడుకున్నాడు’ అన్న చోట నన్ను ఆపాడు.

“తలుపు కాదక్కా. తలుపు కింద లైటు. అది ఆరిపోతే మీరందరూ వెళ్ళిపోయినట్టు.”

పుస్తకం అతనికే ఇచ్చి, ఆ వాక్యం పక్కన ఖాళీలో రాయమన్నాను. పెద్ద పెద్ద అక్షరాలతో ‘తలుపు కింద లైటు’ అని రాసి, ఇంకా ఏదో ఆలోచించి తేదీ కూడా వేశాడు. ఆ సాయంత్రం షిఫ్టు అప్పగిస్తూ, వరండా దీపం తెల్లవారేదాకా ఆర్పవద్దని సూచనల పేజీలో రాసి, కింద మా ఇద్దరి సంతకాలూ పెట్టాం.