టవర్ లేని ఎయిర్‌పోర్ట్‌లో దిగి, ఏవ్‌గ్యాస్ పోసుకుని బయల్దేరడం: నా అనుభవం

అమెరికాలో చిన్న ఊళ్ళ ఎయిర్‌పోర్ట్‌లు చాలావాటికి కంట్రోల్ టవర్ ఉండదు. సెలవురోజు సాయంత్రం వెళ్తే ఆఫీసులోనూ మనిషి కనపడకపోవచ్చు. సెస్నా 172ఎస్ అనే నాలుగు సీట్ల చిన్న విమానంలో అలాంటి చోట ఏవ్‌గ్యాస్ (చిన్న విమానాల పెట్రోలు) కోసం ఆగినప్పుడు నేను పాటించిన వరస ఇది.

పది మైళ్ళు ఉండగానే ఆటోమేటిక్ వాతావరణ ప్రసారం విని ఎత్తు చూపే ఆల్టీమీటర్ సరిచేసుకున్నాను. తర్వాత అందరూ వాడే ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో ఊరి పేరు, నా దూరం, ఎత్తు, ఏ రన్‌వే మీద దిగుతానో చెప్పి, చివర్లో ఊరి పేరు మళ్ళీ చెప్పాను. అదే ఫ్రీక్వెన్సీ దగ్గర్లోని వేరే ఎయిర్‌పోర్ట్‌లకూ ఉంటుంది, మొదటి మాటేమో తరచూ తెగిపోతుంది. జవాబు రాలేదంటే ఆకాశం ఖాళీ అని కాదు. రేడియో లేని విమానాలూ అక్కడ తిరగొచ్చు. అందుకే నేలకు 1,000 అడుగుల ఎత్తులో, 45 డిగ్రీల కోణంలో డౌన్‌విండ్‌లోకి (దిగే దిశకు ఎదురుగా, రన్‌వే పక్కనే సాగే దారిలోకి) చేరుతూ కళ్ళతో వెతికాను.

అసలు జాగ్రత్తంతా మనమే కార్డు గీకి పోసుకునే పంపు దగ్గర. ఇంజన్ ఆపి, మ్యాగ్నెటోలు (ఇంజన్‌లో నిప్పురవ్వ పుట్టించేవి) ఆఫ్ చేసి, తాళంచెవి తీసి డ్యాష్‌బోర్డ్ పైన కనపడేలా పెట్టాను. కార్డు గీకేముందే గ్రౌండ్ వైరు తగిలించాలి. దాని క్లిప్పు పెయింట్ మీద పెడితే దండగ, స్టాటిక్ పోదు. సైలెన్సర్ గొట్టం లాంటి ఉత్త లోహానికే పట్టించాలి.

గేజీలను నమ్మకుండా కొలపుల్ల ముంచి చూశాను. ఏవ్‌గ్యాస్ గ్యాలన్‌కి 6 పౌండ్లు, అంటే 20 గ్యాలన్లు పోస్తే 120 పౌండ్లు. ముగ్గురు ఎక్కితే ట్యాంకు నిండా పోయడం కుదరకపోవచ్చు. లెక్క ముందే వేసుకుని, ఎన్ని కావాలో మెషీన్‌లో అన్నే కొట్టాను. పోస్తున్నంతసేపూ నాజిల్ ట్యాంకు మూతికి ఆనే ఉండాలి, కానీ దాని బరువు మాత్రం చేత్తోనే మొయ్యాలి.

మూత బిగించాక మళ్ళీ ఒకసారి తిప్పి చూస్తాను. రెక్క పైభాగాన గాలి ఒత్తిడి తక్కువ కాబట్టి, వదులు మూతలోంచి ఇంధనం ఎగరగానే బయటికి లాక్కుపోతుంది. నేలమీద ఉన్నప్పుడైతే అందులోంచే వాన నీళ్ళు దిగుతాయి.

నీళ్ళు అడుక్కి దిగేదాకా కాసేపు ఆగి 13 డ్రెయిన్లనూ (అడుగునుంచి కొంచెం ఇంధనం తీసి చూసే చోట్లు) చిన్న గాజులాంటి కప్పులోకి తీసి పరీక్షించాను. మొదటి కప్పు అడుగున శనగగింజంత నీటి బొట్టు గుండ్రంగా దొర్లింది, దాని మీద లేత నీలం ఏవ్‌గ్యాస్. రెక్కల కొస పట్టుకుని విమానాన్ని మెల్లగా ఊపి మళ్ళీ తీశాను. మూడోసారికి కప్పంతా ఒకే నీలం. నన్నడిగితే అసలు ప్రమాదం బొట్టు కనపడినప్పుడు కాదు. కప్పు నిండా నీళ్ళే వస్తే మధ్యలో గీత ఉండదు, శుభ్రంగా ఉన్నట్టే అనిపిస్తుంది. అందుకే కప్పు వెనక తెల్ల కాగితం పెట్టి నీలం రంగు ఉందో లేదో చూస్తాను. తీసినదాన్ని నేలమీద పారబోయకూడదు, దానికని పెట్టిన డబ్బాలోనే పొయ్యాలి.

ఈలోగా చీకటి పడింది. ఉమ్మడి ఫ్రీక్వెన్సీలో మైకు బటన్ 5 సెకన్లలో 7 సార్లు నొక్కితే రన్‌వే లైట్లు పూర్తి వెలుగుతో వచ్చాయి. అవి 15 నిమిషాలే ఉంటాయి. ట్యాక్సీ (రన్‌వే దాకా నేలమీద నడపడం), ఇంజన్ పరీక్ష అయ్యేసరికి ఆ సమయం దగ్గరపడుతుంది. రన్‌వే ఎక్కేముందు మళ్ళీ 7 సార్లు నొక్కి, అప్పుడు థ్రాటిల్ ఇచ్చాను.