ట్రేలో మొరైన్ గట్లు: నాలుగో వారం

ఐస్‌లాండ్ ఆగ్నేయాన వాట్నాయోకుల్ మంచు నుంచి స్కాలాఫెల్స్‌యోకుల్ అనే హిమానీనదం కిందికి దిగుతుంది. దాని ముందున్న నేల మీద పొలం గట్లలా సన్నటి మట్టి గట్లు వరసగా ఉంటాయి. చాలావాటి ఎత్తు 2 మీటర్లు దాటదు. చలికాలంలో మంచు కరగడం దాదాపు ఆగుతుంది, కానీ పైనుంచి జారడం ఆగదు. అందుకే అంచు కాస్త ముందుకొచ్చి తడిమట్టిని నెడుతుంది. ఎండాకాలంలో కరిగి, వచ్చినదానికంటే ఎక్కువే వెనక్కి పోతుంది. ఏడాదికో గట్టు మిగులుతుంది. హిమానీనదం ఇలా మిగిల్చిన మట్టి గట్టునే మొరైన్ అంటారు. దీన్ని చేత్తో చేసి చూడాలని మొదలుపెట్టాను.

సామాను: అడుగున్నర పొడవు ప్లాస్టిక్ ట్రే, మంచు అంచుకు బదులు చెక్క పలక, జల్లించిన ఎర్రమట్టి, ఇసుక, కొంచెం సన్న కంకర. మొదటి రెండు వారాలూ నీళ్ల లెక్క కుదరలేదు. ఎక్కువైతే గట్టు జారిపోయింది, తక్కువైతే బెడ్డలుగా విరిగింది. చివరికి నాట్లకు దమ్ము చేసిన మడిలో మట్టిలా, వేలితో నొక్కితే గుంట నిలిచేంత తడి సరిపోయింది.

మూడో వారం పలకను ప్రతిసారీ 4 సెం.మీ. వెనక్కి లాగి, 1.5 సెం.మీ. ముందుకు నెట్టాను. గట్ల మధ్య దూరం 2.5 సెం.మీ. వచ్చింది. అంటే గట్ల ఎడం చూస్తే ఏడాదిలో అంచు నికరంగా ఎంత వెనక్కి పోయిందో తెలుస్తుంది. ఎండలు బాగా కాసిన ఏళ్లకు ఆ ఎడం పెరుగుతుంది. ఇంత చిన్న గట్టులో ఆ సంవత్సరపు వేసవి దాగి ఉండటం నాకు ఇప్పటికీ అద్భుతంగానే ఉంది.

ఈ వారం లెక్క మార్చాను. 1 సెం.మీ. మాత్రమే వెనక్కి లాగి 2 సెం.మీ. నెట్టాను. పలక పాత గట్టును ఎక్కి, దాన్నీ కలుపుకొని ముందుకు తోసింది. రెండు చలికాలాలకు ఒకటే గట్టు మిగిలింది, కాస్త లావుగా. ఐస్‌లాండ్‌లో 1970-1995 మధ్య చాలా హిమానీనదాలు ఇలాగే ముందుకొచ్చి, తర్వాత వెనక్కి మళ్లాయి. కరిగిన నీటి వాగులు కొన్ని గట్లను కోసుకుపోతాయి కూడా. కాబట్టి గట్లను లెక్కపెట్టి ఇన్నేళ్లు అని చెప్పేయకూడదు. పాత విమాన చిత్రాలతో సరిచూసుకోవాలి.

పలక అంచులో V ఆకారంలో గాట్లు కోసి చూశాను. మట్టి గాట్లలోకి ఎక్కి, గట్టు రంపపు పళ్లలా తయారైంది. అసలు హిమానీనదాల దగ్గరా అంచు నెర్రెలిచ్చిన చోట ఇలాంటి పళ్లు కనిపిస్తాయి. 

నెట్టడం ఒక్కటే దారి కాదు. అంచు దగ్గర మంచు పల్చగా ఉంటుంది కనుక చలి కిందికి దిగి, అడుగునున్న తడిమట్టి మంచుకే గడ్డకట్టుకుంటుంది. ఆ పలక లాంటి ముక్క మంచుతో పాటు ముందుకు కదిలి, కరిగాక అక్కడే పడిపోతుంది. తడిమట్టి మీద ఐస్ గడ్డ పెట్టి రాత్రంతా ఫ్రీజర్‌లో ఉంచాను. పొద్దున లేపితే అడుగున అర సెం.మీ. మందాన మట్టి అంటుకొని వచ్చింది. కంకర రాళ్లు సగం మంచులోకి దిగబడి ఉన్నాయి. దాన్ని రెండు వేళ్ల దూరం జరిపి కరగనిచ్చాను. మిగిలిన గట్టు మంచు వైపు వాలుగా, అవతలి వైపు నిటారుగా ఉంది. అసలు గట్లు చాలావరకు ఇలాగే ఉంటాయి. వచ్చే వారం ఇదే ఐస్ గడ్డతో మూడు చలికాలాలు వరసగా చేస్తాను. ఈసారి ట్రే కింద స్కేలు అతికించి ఉంచాలి.