ఈ శనివారం నేను బోటెక్కను

“ఈ శనివారం నేను బోటెక్కను” అన్నాడు మా 12 ఏళ్ళ వాడు. ఎందుకురా అంటే, “మనం గాలం వేసే చోట వేటగాళ్ళు బాతుల కోసం కూర్చుంటారమ్మా. పోయినేడాది మనం వెళ్ళి మొత్తం పాడుచేశాం” అన్నాడు. “చెరువేమన్నా వాళ్ళ తాతదా?” అని నా నోట్లోంచి వచ్చేసింది. ఆ మాట మా అమ్మమ్మది, కాలవగట్టు తగాదాలకు దాచుకున్న మాట. అమెరికాలో మిన్నెసోటాలో కూర్చుని ఏలూరు వైపు న్యాయం చెప్పాను. వాడు తొణకలేదు. “తాతది కాదు. కానీ వాళ్ళు మనకన్నా ముందొచ్చారుగా?”

చట్టం చూస్తే తప్పు నాది కాదు. నీళ్ళు అందరివీ. వేటను చెడగొట్టాలనే ఉద్దేశంతో అడ్డుపడితేనే నేరం. అలాంటి చట్టం 50 రాష్ట్రాల్లోనూ ఉంది. మన దారిన మనం గాలం వేసుకుంటే అది దాని కిందికి రాదు. కానీ వాడు అడిగింది చట్టం గురించి కాదుగా.

ముందు వేళల సంగతి. ఇక్కడ బాతుల సీజన్ సెప్టెంబరు చివర్లో ఒక శనివారం మొదలవుతుంది. అంతకు ముందే 17 ఏళ్ళు, అంతకన్నా తక్కువ వయసు పిల్లల కోసం ఓ వారాంతం ఉంటుంది. గాలాల వాళ్ళు పొరబడేది అప్పుడే. సీజన్ ఇంకా రాలేదుగా అనుకుని నేరుగా జమ్ములోకి పోతారు. కాల్చడానికి అనుమతి సూర్యోదయానికి అరగంట ముందు నుంచి. ఆ రోజుల్లో ఇక్కడ పొద్దు ఇంచుమించు 7 గంటలకు పొడుస్తుంది, అంటే 6:30 నుంచి. ఆ తర్వాతి రెండు గంటలే వాళ్ళ పంట. 10 దాటాక చాలామంది సర్దుకుని వెళ్ళిపోతారు. నీళ్ళు చల్లబడ్డాక వాలై చేప మధ్యాహ్నం కూడా బాగానే తింటుంది. వేసవి అలవాటుకొద్దీ 5 గంటలకు అలారం పెట్టుకోవడం నా మొండితనమే తప్ప, చేప అడిగింది కాదు.

తర్వాత గాలి. ఇది తెలియకే సగం గొడవలు. బాతు గాలికి ఎదురుగా దిగుతుంది. అందుకని వేటగాడు గాలిని వీపున పెట్టుకుని జమ్ములో కూర్చుంటాడు. ముందు 20, 30 గజాల్లో దీమపు బాతుల్ని, అంటే ఎరగా పెట్టే బాతు బొమ్మల్ని వదిలి, దిగడానికి మధ్యలో ఖాళీ ఉంచుతాడు. ప్లాస్టిక్ బొమ్మలకు ఇంత పాత మాటేమిటని నవ్వకండి, మన పిట్టలవాళ్ళ దీమం పనీ ఇదే. కాబట్టి ఆ బొమ్మల ముందున్న తెరిపి నీళ్ళే బాతు వచ్చే దారి, తుపాకీ చూసే దిక్కు కూడా. వెనక ఒడ్డు వేటగాడిది, ముందు నీళ్ళు బాతువి, మనకు మిగిలేది అవతలి గట్టు.

ఎంత దూరం? బాతును పడగొట్టగల దూరం 40 గజాల లోపే అయినా, గుళ్ళు 200 గజాలు దాటి కూడా రాలతాయి. చెరువు పెద్దదైతే 300 గజాలు వదిలేయండి. అంత దూరం నుంచి రాలే గుళ్ళు వానచినుకుల్లా టపటపమంటాయి, చొక్కాను చీల్చవు గాని కంటికి మాత్రం ప్రమాదం. అందరికీ కళ్ళద్దాలు ఉండాల్సిందే. అసలు భయపడాల్సింది ఆకాశంలోకి పేల్చే దెబ్బకు కాదు, గాయపడి నీళ్ళమీద ఈదే బాతును రెండోసారి కొట్టే దెబ్బకు. నీటి బాతుల మీద సీసం గుళ్ళు 1991 నుంచి దేశమంతటా నిషేధం, ఇప్పుడు ఎక్కువగా వాడేది ఉక్కు. అది గట్టిది, నీటిని తాకి ఎగిరి ముందుకు పోతుంది. కుక్క ఈదుతున్నా, ఎవరైనా నీళ్ళకేసి గురిపెట్టినా, ఇంజిన్ న్యూట్రల్‌లో పెట్టి ఆగిపోవడమే.

జమ్ములో బోటుంటే కనబడదు. మనం దగ్గరికొస్తున్నా ఒక్క బాతూ తల తిప్పలేదంటే అవి దీమాలే. ఓ చోట జమ్ము మిగతాదానికన్నా ముదురు రంగులో ఉన్నా అనుమానించాలి.

ఇరుకు పాయలో వేరే దారి లేనప్పుడు చాలా ముందు నుంచే వేగం తగ్గించాలి. అందరూ చేసే తప్పు (నేనూ చేశాను, చాలా మర్యాదస్తురాలిననుకుంటూ) వాళ్ళ ఎదుటికొచ్చాక థ్రాటిల్ వదలడం. పరుగులో ఉన్న బోటు మూతి దించి కూర్చునేటప్పుడే వెనక పెద్ద అల లేస్తుంది. మనం దాటిపోయాక అది వెళ్ళి బొమ్మల్ని తిప్పి, తాళ్ళన్నీ చిక్కుపెడుతుంది. పైన బాతుల గుంపు తిరుగుతుంటే దూరంగా రెండు నిమిషాలు ఆగండి. నారింజ టోపీ పెట్టుకుని, చెయ్యెత్తి, ఒకే నిదానంతో దాటండి. మధ్యలో ఆగి “ఏమన్నా పడ్డాయా?” అని పలకరించకండి. మన ఊరి చెరువుగట్టున అది మర్యాద, ఇక్కడ శిక్ష. గాలం బొమ్మ తాడుకు తగులుకుంటే లాగొద్దు, దగ్గరికీ పోవద్దు, దారం కోసేయండి. పోయేది ఒకటీ రెండు డాలర్ల జిగ్గు, అంటే బరువున్న గాలపు ముల్లు.

బోటును నీళ్ళలోకి దించే ర్యాంపు దగ్గర చీకట్లో పడే పేచీలు ఇంకో రకం. డ్రెయిన్ ప్లగ్గు (బోటు అడుగు బిరడా), సామాను, దీపాలు అన్నీ పార్కింగులోనే చూసుకుని, వరుసలోకి రాగానే బండి హెడ్‌లైట్లు ఆర్పేసి చిన్న లైట్లతో వెనక్కి రావాలి, లేదంటే పక్కవాడికి అద్దంలో ఏమీ కనబడదు. వెళ్ళేటప్పుడు ప్లగ్గు తీసి నీళ్ళు వదలడం, నాచు తీయడం ఇక్కడ చట్టం, గాలాల వాళ్ళకీ వేటగాళ్ళకీ. 10 ఏళ్ళ లోపు పిల్లలకు లైఫ్ జాకెట్ తప్పనిసరి. అక్టోబరు నీళ్ళ చలికి వయసుతో పని లేదు, అందరూ వేసుకోండి.

తప్పులన్నీ మనవేనని కాదు. సరిగ్గా పాయ మూతి దగ్గరో, చేపలు పట్టే డాక్ పక్కనో మాటు వేసేవాళ్ళూ, ఖాళీ తూటాలు నీళ్ళలో వదిలేసేవాళ్ళూ ఉన్నారు. చీకట్లో బోటు వస్తుంటే టార్చి ఒక్కసారి వెలిగిస్తే చాలు, అదీ కొందరికి బద్ధకం.

ఇవన్నీ తెలుసుకోవడం కష్టమేం కాలేదు. కష్టమైనదల్లా నా మనసులో ఉన్నది ఒప్పుకోవడం. పిట్టల్ని కొట్టేవాళ్ళకు మర్యాదేమిటన్నది నా లోపలి లెక్క. కొల్లేరు 1999 నుంచి అభయారణ్యం, అక్కడ పిట్టను కొడితే 1972 చట్టం కింద కేసు. ఆ పాపభీతిని సూట్‌కేసులో పెట్టి తెచ్చుకున్నాను. ఇక్కడ అదే పనికి లైసెన్సు ఇస్తారు. ఇలా అనుకుంటున్నప్పుడు కూడా నా కూలర్‌లో పులుసుకు సరిపడా వాలై ఉంది. “చేపకి నొప్పి ఉండదామ్మా?” అన్నాడు వీడు. 16 నిండిన ప్రతి బాతు వేటగాడూ 25 డాలర్లు పెట్టి ఫెడరల్ డక్ స్టాంపు కొనాలనీ, 1934లో మొదలైన ఆ స్టాంపు డాలరులో 98 సెంట్లు చిత్తడి నేలలకే పోతాయనీ కూడా వాడే చెప్పాడు. మనం చేపలు పట్టే జమ్ము అలాంటి డబ్బుతోనే నిలబడుతోందేమోనట. సమాధానం దొరక్క “అన్నం తిను” అన్నాను.

పక్కవాళ్ళ అలవాటును గౌరవించమని వాడికి చిన్నప్పటి నుంచీ నేర్పింది నేనే. అప్పుడు నా మనసులో ఉన్న పక్కవాళ్ళు క్రిస్మస్ చెట్టు పెట్టుకునేవాళ్ళు, తుపాకీ పట్టుకునేవాళ్ళు కాదు. గౌరవం ఎక్కడిదాకా అని వాడు అడగలేదు, నేనూ చెప్పలేదు.

10:30కి బయల్దేరదామంటే సరేనన్నాడు, నారింజ టోపీ నేను పెట్టుకునే షరతు మీద. ఇంకో కాగితం కూడా ఇచ్చాడు. ఇక్కడ 11 నిండితే తుపాకీ భద్రత తరగతిలో చేరొచ్చు, ఆ ఫారం. “క్లాసుకే కదమ్మా” అన్నాడు. ఇంట్లోకి తుపాకీ రాదని అరిచాను. అయినా ఫారం చించలేదు, సంతకమూ పెట్టలేదు. ఫ్రిజ్ మీద అయస్కాంతం కింద ఉంది, చేపలు తీయడానికి వెళ్ళినప్పుడల్లా కళ్ళబడుతోంది.