ఎన్ని గంటలు పడుకున్నావ్?

మా బాబుకి ఈ ఆదివారంతో ఐదు నెలలు నిండుతాయి. మా ఆయనది ముంబై దగ్గర సముద్రంలో ఆయిల్ రిగ్గు మీద ఉద్యోగం. 28 రోజులు అక్కడ, 28 రోజులు ఇంట్లో. మూడో నెల దాకా పుట్టింట్లోనే ఉన్నాను. నాన్నకి ప్రొద్దుటూరులో వారానికి రెండుసార్లు డయాలసిస్. అమ్మ ఆయన్ని చూసుకోవాలా, బాలింతనని నన్ను చూసుకోవాలా? బట్టలూ ఉగ్గుగిన్నే సర్దుకుని బెంగళూరు వచ్చేశాను. మా అత్తగారు లేరు. ఆయన బండెక్కిన మర్నాటి నుంచి మున్నేకొళాలలో మూడో అంతస్తులో నేనూ, వాడూ.

"బిడ్డ పడుకున్నప్పుడు నువ్వూ పడుకో" అని చెప్పనివాళ్లు లేరు. వాడు పగలు పడుకునేది అరగంట. ఆ అరగంటలోనే నా స్నానం, నా అన్నం, వాడి గుడ్డలు. నడుం వాల్చి కన్ను మూతపడేసరికి వాడు లేస్తాడు. రాత్రి పదకొండుకి, ఒంటిగంటకి, మూడుకి పాలు. నాలుగున్నరకి కింద నీళ్ల ట్యాంకర్ మోటారు మొదలవుతుంది, దాంతో మళ్లీ లేస్తాడు. రెండు వారాలు గడిచేసరికి, వాడికి విటమిన్ డి చుక్కలు వేశానో లేదో కూడా గుర్తుండేది కాదు. చుక్కలు వేసిన ప్రతిసారీ క్యాలెండర్‌లో గీత పెట్టడం మొదలుపెట్టాను. అమ్మ ఫోన్ చేస్తే మాత్రం "బాగున్నానమ్మా, తిన్నానమ్మా" అనేదాన్ని. ఆయనకీ అదే మాట. సముద్రం మధ్యలో ఉన్న మనిషిని కంగారు పెట్టి ఏం లాభం అనుకున్నాను.

ఆయన వెళ్లిన పదిహేడో రాత్రి, మంచం మీదైతే నిద్ర పట్టేస్తుందని సోఫాలో కూర్చుని పాలిస్తున్నాను. ఎప్పుడు కన్ను మూసుకుపోయిందో తెలీదు. మెలకువ వచ్చేసరికి నా మోచేతికీ దిండుకీ మధ్యలోకి జారిపోయి ఉన్నాడు. ముఖం దిండుకి ఆనుకుని ఉంది. లాగి ఎత్తుకున్నాను. ఒక్క క్షణం ఏ చప్పుడూ లేదు. తర్వాత ఏడ్చాడు. వాడి ఏడుపు కోసం అంతగా ఎదురుచూసింది పుట్టిన రోజు తర్వాత మళ్లీ అప్పుడే.

మర్నాడు డాక్టరు దగ్గరికి వెళ్లాను, వాడి కోసం కాదు, నా కోసం. జరిగింది దాచకుండా చెప్పాను. సోఫాలో బిడ్డతో నిద్రపోవడం మంచం మీద కన్నా ప్రమాదమట. నిద్ర ఆగదనిపిస్తే దిండ్లూ దుప్పట్లూ తీసేసిన గట్టి పరుపు మీద పాలిచ్చి, మెలకువ రాగానే వాడిని వాడి తొట్టిమంచంలో వెల్లకిలా పడుకోబెట్టమన్నారు. రక్తపరీక్ష రాశారు. హిమోగ్లోబిన్ 12 ఉండాల్సింది 9.1 ఉంది. కాన్పయ్యాక ఆరు నెలలు వేసుకోవాల్సిన ఐరన్ మాత్రలు నేను రెండో నెలలోనే మానేశాను, ఎవరూ అడగలేదు కాబట్టి. వేసుకున్న రోజుల్లోనూ కాఫీతోనే వేసుకున్నాను. అలా వేసుకుంటే ఒంటికి సరిగ్గా పట్టదట. ఇప్పుడు నిమ్మరసంతో వేసుకుంటున్నాను. ఇన్నాళ్లూ నాకు ఓపిక లేదని నన్ను నేను తిట్టుకున్నాను. రక్తమే లేదు!

ఇంకో మాట కూడా అడిగాను, తలొంచుకుని. సాయంత్రాలు వాడు గుక్కపట్టి ఏడుస్తున్నప్పుడు నా చేతులు బిగుసుకుపోతున్నాయి, భయంగా ఉంది అని. ఆవిడ కోప్పడలేదు. కడుపు నిండి, డైపర్ పొడిగా ఉండి, జ్వరం లేకపోతే, తొట్టిలో పడుకోబెట్టి పది నిమిషాలు బయటికి వెళ్లిపో, ఆ ఏడుపుతో వాడికేం కాదు, కానీ ఎంత కోపంలోనూ బిడ్డను కుదపకూడదు అన్నారు. ఆ సాయంత్రమే బాల్కనీలో నిలబడి చల్లటి నీళ్లు తాగాను. తలుపు వెనక వాడు ఏడుస్తున్నాడు. నాకూ కన్నీళ్లు ఆగలేదు. లోపలికి వెళ్లి ఎత్తుకునేసరికి నా చేతులు మెత్తబడ్డాయి. ఈ ఒక్క సంగతి ప్రతి తల్లికీ ఆసుపత్రి నుంచి ఇంటికి పంపేటప్పుడే చెప్పాలని నా కోరిక.

మనసు మరీ కుంగితే ఫోన్ చేయమని 14416 నంబరు రాసిచ్చారు. మనసు బాగోలేనివాళ్ల కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన టెలీ మానస్ హెల్ప్‌లైన్ అది, 24 గంటలూ ఉంటుంది, తెలుగులోనూ మాట్లాడతారు. కాగితం ఫ్రిజ్ తలుపుకి అంటించుకున్నాను.

ఎదురింటి ఆంటీ రిటైరైన టీచర్, కన్నడం వాళ్లు. రెండు నెలలుగా నవ్వులే తప్ప మాటల్లేవు. ఒకరోజు బెల్ కొట్టి, "ఆంటీ, రెండు గంటలు వీణ్ణి చూస్తారా, నాకు నిద్ర కావాలి" అనేశాను. చేతులు చాపి, "ఇల్లి కొడమ్మా. మొదలు నీను మలగు" అన్నారు. ఇటివ్వు, ముందు నువ్వు పడుకో అని. నాలుగు గంటలు పడుకున్నాను. లేచేసరికి రొమ్ములు పాలతో గట్టిపడి చీర తడిసింది. వాడు ఆవిడ భుజం మీద నిద్రపోతున్నాడు. ఇప్పుడు రోజు విడిచి రోజు మధ్యాహ్నాలు ఆవిడ దగ్గరే.

ఆ రాత్రి అమ్మ "తిన్నావా?" అంటే, "లేదమ్మా" అన్నాను. అమ్మ కాసేపు మాట్లాడలేదు. రెండు రోజులకి మా ఊరి బస్సులో కందిపొడి, నువ్వులుండలు, వెల్లుల్లి కారం వచ్చాయి. ఒంటిచేత్తో కలుపుకుని తినగలిగినవే అన్నీ.

ఆయనకీ సోఫా సంగతి చెప్పాను. అప్పటి నుంచి రాత్రి ఎనిమిదికి రిగ్గు నుంచి ఫోన్ రాగానే బాబుని చూపించమనడం లేదు. ముందు "ఎన్ని గంటలు పడుకున్నావ్?" అని అడిగి, అక్కడ పుస్తకంలో రాసుకుంటున్నాడు. నిన్నటి లెక్క ఐదున్నర. అందులో మూడున్నర ఒక్క విడతలోనే.